శుక్రవారం సూది

రాజలింగం మామ బుడ్డి మెడ విరిచి సిరంజిలోకి లాగింది మందు కాదు, ఉత్త నీళ్లు.

ఆ సంగతి నాకు వెంటనే తెలియలేదు. నేను గోడవైపు తిరిగి, పళ్లు బిగించి పడుకున్నాను. ఆ సూదంటే నాకు హడల్. అది నూనె మందు. బుడ్డిని అరచేతుల మధ్య పెట్టి రుద్ది వెచ్చచేయాలి, లావు సూది తొడగాలి, అప్పటికి గానీ లోపలికి ఎక్కదు. ఎక్కాక తుంటిమీద రేగుపండంత గడ్డ రెండు రోజులుండేది.

ఎంతసేపటికీ పోటు పడలేదు. తల తిప్పి చూశాను. మామ అంటే వరసకే, మా వీధిలో అందరికీ సూదులు వేసే ఆర్‌ఎంపీ ఆయన. కిటికీ దగ్గర నిలబడి సిరంజిని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. రెండు చుక్కలు వేళ్ల మీద పోసుకుని రుద్దాడు. వాసన చూశాడు.

"ఏమైంది మామా?"

"జిడ్డు లేదు పిల్లా. గిది నీళ్లు."

"నీళ్లేంది?"

"నీళ్లంటే నీళ్లే. పోయిన రెండు వారాలు గూడ అల్కగనే ఎక్కింది. ఎండకు నూనె పలచబడ్డదనుకున్న. నా బుద్ధి గడ్డి తిన్నది."

నిజమే. అంతకుముందు రెండు శుక్రవారాలు సూది నొప్పి పెట్టలేదు, గడ్డ కట్టలేదు. "నీ చెయ్యి తిరిగింది మామా" అని మెచ్చుకున్నాను కూడా. ఆ రెండు వారాలే నా కడుపు రోజుకు నాలుగైదుసార్లు రాయిలా బిగుసుకుంటోంది.

రేకు డబ్బాలో ఇంకా మూడు బుడ్లున్నాయి. మామ ఒక్కొక్కటి తీసి పక్కకు వంచి చూపించాడు. మొదటి దాంట్లో గాలిబుడగ తీరిగ్గా, పాకుతున్నట్టు పైకి పోయింది. మిగతా రెండింట్లో చటుక్కున ఎగిరింది.

"బుడగ పాకితే నూనె. ఎగిరితే నీళ్లు. మూడిటి మీద అతికిచ్చిన చీటీ ఒక్కతీరే," అన్నాడు.

ఆ రోజు ఆ మిగిలిన ఒక్క నూనె బుడ్డే పొడిచాడు. నొప్పికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అంత సంతోషంగా నేనెప్పుడూ ఏడవలేదు.

అది ఎనభై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలం. అంతకు రెండేళ్ల ముందు కోరుట్లలో, మా అమ్మగారింట్లో, నాకు ఏడో నెలలోనే నొప్పులొచ్చి కొడుకు పుట్టాడు. జగిత్యాలలో డాక్టరమ్మ దగ్గర రెండు రోజులు బతికాడు. నా చిటికెన వేలు పట్టుకునేంత చెయ్యి కూడా లేదు వాడికి. పంపించేటప్పుడు ఆవిడ అన్నది ఒకటే మాట: "మళ్లీ నిలిస్తే మూడో నెలలోనే నా దగ్గరికి రా. ఏడో నెలలో పరుగెత్తుకొస్తే నేను చేయగలిగింది ఏమీ ఉండదు."

ఈసారి మూడో నెలలోనే వెళ్లాను. నాలుగో నెలలో గర్భసంచి మూతికి కుట్టు వేసింది. "కుట్టు తాళం లాంటిది. సూది కాపలా లాంటిది. రెండూ ఉండాలి. వారం తప్పొద్దు, మంచం దిగొద్దు," అని పది బుడ్లకు చీటీ రాసింది. ఆ మందు మా సిరిసిల్లలో దొరకదు. జగిత్యాలలో ఒకే ఒక్క దుకాణంవాడు తెప్పించి ఇచ్చేవాడు, అదీ పేరూ ఊరూ రాసుకుని. మందులు ఎక్కువ కొన్న ప్రతివాడినీ అడవిలో అన్నలకు మోస్తున్నాడని పోలీసులు నిలదీసే రోజులు.

మంచం కాళ్లవైపు రెండేసి ఇటుకలు పెట్టి ఎత్తారు. అట్లా తలకిందులుగా నాలుగు నెలలు నేను చూసింది ఇంటి వాసాలు, విన్నది సాంచల చప్పుడు. మరమగ్గాలను మావైపు సాంచలంటాం. గోడకు అవతల నాలుగున్నాయి మాకు. రెండో సాంచ కొంచెం కుంటుతూ నడిచేది. ఏది ఆగిందో, ఎవరు ఆపారో, నీళ్లు తాగడానికా బీడీకా, చెవులతోనే చెప్పగలిగేదాన్ని.

అయినా నా తలదగ్గర డబ్బాలో ఎవరు చెయ్యి పెట్టారో వినలేకపోయాను.

ఆ శుక్రవారం మామ పిలిచిన పిలుపుకు నాలుగు సాంచలూ ఆగాయి. నా భర్త దశరథం ఒళ్లంతా దూదినూగుతో లోపలికొచ్చాడు. మామ బుడ్లు వంచి చూపించాడు. ఆయన చూసీ చూడకముందే అన్నాడు:

"దుకాణపోడు మోసం జేసిండు. రేపే పోయి గల్ల పట్టి అడుగుత."

వెనకే మా అత్త లసుమవ్వ తలుపు దగ్గర నిలబడి కొంగుతో మూతి తుడుచుకుంది.

"నేను మొదలే జెప్పిన. కడుపుల బిడ్డకు నూనె ఎక్కిచ్చుడేంది? నేను ఏడుగురిని గన్న. ఒక్క సూది లేదు, ఒక్క గోలీ లేదు."

ఏడుగురిలో ఐదుగురు దక్కలేదని మాత్రం అనలేదు.

"అవ్వా, నువ్వు జర ఊకో," అన్నాడు దశరథం.

మర్నాడు ఆయన జగిత్యాల వెళ్లి, పొద్దుగూకాక ఐదు బుడ్లు తెచ్చాడు. బస్సు ఆలస్యమైందన్నాడు. దుకాణంవాడు ఒట్టు పెట్టుకున్నాడట. "ఇగ గాని తోటి ఏం కొట్లాడుత," అన్నాడు. నేను ఐదింటినీ వంచి చూశాను. ఐదింట్లోనూ బుడగ పాకింది. డబ్బాను దిండు కింద పెట్టుకున్నాను. ఆ రెండు నీళ్ల బుడ్లను రవికె గుడ్డలో మూటకట్టి తలాపు గూట్లో దాచాను, డాక్టరమ్మకు చూపించాలని.

దాచేముందు వాటిని అటూ ఇటూ తిప్పి చూస్తుంటే కనపడింది. చీటీ అంచున గోధుమరంగు మరక. గోటితో గీకాను. పొడిగా పొట్టు రాలింది. వాసన చూశాను. ఆ వాసన నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. చింతగింజల గంజి.

సాంచ మీద తెగిన పోగుల కొసలకు రాయడానికి చిన్న ముంతలో ఆ గంజి ఎప్పుడూ ఉంటుంది. జగిత్యాల మందుల దుకాణంలో ఉండదు. రాజలింగం మామ ఇంట్లోనూ ఉండదు, ఆయనకు సాంచల్లేవు. చీటీలు ఊడదీసి నీళ్ల బుడ్లకు అతికించినవాళ్లు మా గోడల మధ్యనే ఉన్నారు.

ఆ గంజి కాచేది మా అత్త.

సోమవారం బీపీ చూడ్డానికి మామ వస్తే మెల్లగా అడిగాను.

"గిసొంటి నీళ్ల బుడ్లు ఏడ దొరుకుతయి మామా?"

"నా దగ్గరనే ఉంటయి. పొడి మందులు కలపనీకి. మీ ఇంటికి గూడ ఇచ్చిన గదా, మీ అత్త కండ్ల మంటకు."

అంతే. నాకు ఇంకేమీ అక్కరలేకపోయింది.

మామ గడప దాటగానే అత్తను పిలిచాను. కండెలు చుడుతున్న రాట్నం ఆపి వచ్చింది.

"అత్తా, నీ కండ్ల మంట తగ్గిందా?"

"నాకేం కండ్ల మంట?"

"మామ దగ్గర నీళ్ల బుడ్లు తెప్పిచ్చుకున్నవట గదా."

"నేనా? నేనెందుకు తెప్పిచ్చుకుంట? నా కండ్లు నిమ్మళంగున్నయి. సూదిల దారం ఎక్కిస్త, తే."

"గంజి ఎవరు కాస్తరు గీ ఇంట్ల?"

మెల్లగా అర్థమైంది ఆమెకు. ముఖం నల్లబడింది.

"అంటే, నా మనుమన్ని నేనే సంపుతున్ననా?"

నేను గోడవైపు తిరిగాను. ఆమె కొంగు దులుపుకుని వెళ్లిపోయింది. ఆ సాయంత్రం నా కంచం దశరథం తెచ్చాడు. ఆ తర్వాత ఆమె వండిన కూర నేను ముందు ఆయన చేత తినిపించి, తర్వాత తినేదాన్ని. ఆయన మారుమాట్లాడకుండా తినేవాడు. ఆ ముద్ద ఎందుకు అంత కష్టంగా మింగుతున్నాడో అప్పుడు నాకు అర్థం కాలేదు.

వీధిలో సంగతి పొక్కింది. ఎదురింటి ఐలవ్వ కండెలు ఇచ్చే ఇల్లిల్లూ తిరిగి చెప్పింది: "రాజలింగం దశరథం పెండ్లాం రాజవ్వకు నీళ్లు పొడుస్తుండట!" ఆయన దగ్గరికి వచ్చే జ్వరాలవాళ్లు కూడా సగమైపోయారు. దశరథానికి ఈ మాట చేరింది. "అట్లనకుండ్రి" అని ఒక్కరితోనైనా అనలేదు.

తర్వాతి శుక్రవారం మామ రాలేదు.

పదకొండయింది. పన్నెండయింది. కడుపు ఒకసారి బిగుసుకుని వదిలింది. ఇంకోసారి బిగుసుకుంది. దశరథం రెండుసార్లు వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. "రానంటుండు. దొంగ ముద్ర ఏసిన ఇంట్ల కాలు పెట్టనంటుండు."

ఒంటిగంట ఎండలో ఎవరో తలుపు తీసి బయటికి వెళ్లిన చప్పుడైంది. రాట్నం ఆగింది. అరగంటకు వీధిలోంచి మా అత్త గొంతు వినిపించింది.

"నా కోడలు నన్నే దొంగనన్నది రాజలింగం. ఇంట్ల ఉండేదాన్ని, నన్నే అన్నది. నిన్నంటే ఏం పోయింది? నీకేమన్న బంగారి కిరీటం ఉన్నదా ఊడి పడనీకి? నడువు!"

"చెప్పులేసుకోనీ వదినె."

"చెప్పులు నేను పట్టుకస్త, నువ్వు నడువు!"

మామ సూది పొడుస్తున్నంతసేపూ ఆమె గడపలో కూర్చుంది, లోపలికి రాకుండా. ఎండకు ముఖం కందిపోయింది. నేనామెనే చూస్తున్నాను. నాటకమా, నిజమా? దొంగే అయితే ఈ ఎండలో ఎందుకు పోతుంది? దొంగ కాబట్టే పోయిందా? మంచంమీద పడుకున్న మనిషికి ఆలోచన తప్ప వేరే పని ఉండదు. ఆ ఆలోచన ఎటు తిప్పినా మళ్లీ ఆమె దగ్గరికే వచ్చి ఆగేది.

మర్నాడు ఎస్సై వచ్చాడు.

ఇద్దరు జవాన్లు వాకిట్లో నిలబడ్డారు. సాంచలు ఒక్కటొక్కటే ఆగాయి. ఎస్సై తిన్నగా నా గదిలోకొచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆంధ్ర ప్రాంతం మనిషి, కొత్తగా వచ్చాడు.

"మీ ఆడపడుచు సుశీల ఎక్కడుందమ్మా?"

మా ఇంట్లో ఆ పేరు వినబడి ఎనిమిది నెలలైంది. సుశీల దశరథానికి చెల్లెలు, మా అత్తకు మిగిలిన ఒక్క కూతురు. ఆమె మొగుడు రాజం కోరుట్లలో బీడీ కార్ఖానాలో యూనియన్ పెట్టి, చివరికి అన్నల్లో కలిశాడు. పోయిన దసరాకు సుశీల కూడా కనపడకుండా పోయింది. "నా బిడ్డ సచ్చిపోయిందనుకుంటున్న" అని మా అత్త స్టేషన్లో చెప్పి వచ్చింది. చెప్పి వచ్చిన రోజు స్నానం కూడా చేసింది, చావుకు చేసినట్టు.

"తెల్వది సార్."

"ఈ సూదులెవరికి?"

"నాకే సార్. కడుపు నిలవడానికి."

డాక్టరమ్మ చీటీ చూశాడు, మంచం కింద ఇటుకలు చూశాడు. కొంచెం గొంతు తగ్గించాడు.

"మీ ఆయన పోయిన శనివారం సారంగాపూర్ బస్సులో కనపడ్డాడు. మందుకు జగిత్యాల వెళ్లినవాడు అక్కడి నుంచి ఇంకా అటు, అడవి పక్కకు ఎందుకు వెళ్లాడు?"

నాకు తెలియదు. ఆయన చెప్పలేదు. బస్సు ఆలస్యమైందన్నాడు.

తలుపు పక్కన దశరథం నిలబడి ఉన్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"తేనెకు సార్," అన్నాను.

"తేనెకా?"

"నేనే తెమ్మన్న. కడుపుతోటున్నదానికి నోరు పూసింది. సారంగాపూర్ దిక్కు అడవి తేనె అమ్ముతరు. దొరకలేదన్నడు. నేను తిట్టిన గూడ."

ఎస్సై చీటీ తిరిగి మంచంమీద పెట్టాడు. లేచాడు. "జాగ్రత్తమ్మా," అన్నాడు. దేని గురించో చెప్పలేదు.

వాళ్లు వెళ్లాక నేను గూట్లో చెయ్యి పెట్టి ఆ రవికె గుడ్డ మూట తీశాను. ఎందుకు తీశానో నాకే తెలియదు. చీటీల మీద గంజి మరకను ఇంకోసారి చూడాలనిపించింది. విప్పి ఒక బుడ్డిని వంచాను.

బుడగ పాకింది.

రెండోది వంచాను. అదీ పాకింది. రెండింటి మీదా చీటీలే లేవు, శుభ్రంగా ఊడదీసిన ఉత్త గాజు.

దొంగ తిరిగొచ్చాడు. నా తలాపున గూట్లోకి చెయ్యి పెట్టి నీళ్లు తీసుకుని నూనె పెట్టి వెళ్లాడు. అత్త నాతో మాట్లాడి వారమవుతోంది, గదిలో అడుగే పెట్టడం లేదు. మామ వస్తే నా కళ్ల ముందే ఉంటాడు. ఆ గూటి మీదుగా చెయ్యి చాపి నా దుప్పటి సర్దేవాడు దశరథం ఒక్కడే.

మామ దగ్గర అత్త పేరు చెప్పి నీళ్ల బుడ్లు తెచ్చింది కూడా వాడే అయ్యుంటాడు. సారంగాపూర్‌లో ఎవరున్నారో నాకు ఎవరూ చెప్పనవసరం లేకపోయింది.

ఆ మధ్యాహ్నం ఆయన అన్నం తెచ్చాడు. నేనే ముద్ద కలిపాను. ఈసారి ముందు ఆయనకు పెట్టలేదు, నేనే తిన్నాను.

"ఎవరన్న అడిగితే తేనెకనే చెప్పు," అన్నాను.

"ఊఁ."

"దొరకలేదని చెప్పు."

"ఊఁ."

కంచం పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. నోరు తెరిచాడు. నేను వాసాల వైపు చూస్తూ ఎదురుచూశాను. ఆయన వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం రెండో సాంచ చాలాసేపు నడవలేదు.

నేనే అడగవచ్చు. "ఎవరికోసం?" అంటే చాలు. అడగలేదు. నా బిడ్డ మందు తీసినవాడు, వాడి నోటితో వాడే చెప్పాలని పంతం పట్టాను. ఆ పంతానికి నేను పెట్టుకున్న పేరు ఓపిక. రోజులు వారాలయ్యాయి. డబ్బా దిండు కిందే ఉంది. శుక్రవారం శుక్రవారం గడ్డ కట్టింది. అత్తతో మాత్రం ఒకరోజు అన్నాను, "చారు మంచిగున్నది" అని. ఆమె వినపడనట్టు ఉండి, మర్నాడు కూడా అదే చారు పెట్టింది.

వానలు పడ్డాక, ఎనిమిదో నెల మొదట్లో, పొద్దున పదింటికి నొప్పులు మొదలయ్యాయి.

జగిత్యాలకు జీపు మాట్లాడారు. వేములవాడ దాటాం. కొడిమ్యాల దగ్గర పోలీసులు ఆపారు. దిగమన్నారు. సామాను తీయమన్నారు. మా అత్త జీపులోంచి తల బయటపెట్టింది.

"కొడుకా, తుపాకి పక్కకు వెట్టి కొంగు పట్టు. నా కోడలు ఈడనే కంటది. బిడ్డను ఎవరు పట్టుకుంటరు, నువ్వా నీ సారా?"

ఆ కుర్ర జవాను జీపును వదిలేశాడు.

డాక్టరమ్మ చూసింది. "కుట్టు పట్టుకునే ఉంది," అన్నది. ఆ మాటకు నేను దిండులో ముఖం పెట్టుకున్నాను. నొప్పులు ఆగడానికి మందు ఎక్కించింది. రెండు రోజులకు ఆగాయి. నన్ను ఇంటికి పంపలేదు. మూడు వారాలు అక్కడే ఉంచి, తొమ్మిదో నెల వచ్చాక కుట్టు తీసింది. తీసిన మూడో రోజు బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. రెండు కిలోల పావు. పుడుతూనే వార్డంతా లేచేట్టు ఏడ్చింది.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ కాగితాలు రాస్తూ దశరథాన్నీ, అత్తనూ వార్డులోకి పిలిచింది. బిడ్డ మా అత్త ఒళ్లో ఉంది.

"నొప్పులు అంత ముందుగా ఎందుకొచ్చాయో నాకు తెలియాలి. ఐదో నెలలో రెండు వారాలు సూది పడలేదని ఈ అమ్మాయి చెప్పింది. ఎవరో నీళ్లు పెట్టారట. దేవుడి దయవల్ల కుట్టు నిలిచింది. మళ్లీ కాన్పుకు కూడా ఈ సూదులు కావాలి. ఇంట్లో ఎవరు చేశారో తేలకుండా నేను చీటీ రాయను. ఈ పిల్లను ఆ ఇంటికి పంపను."

నేను దశరథాన్ని చూశాను. ఆయన నేలను చూస్తున్నాడు.

మా అత్త బిడ్డ నెత్తిమీద గుడ్డ సరిచేసింది.

"రాసుకో డాక్టరమ్మా. ముసలిదాన్ని, తెల్వక నేనే చేసిన. నా కోడలు మొదలే చెప్పింది, నేనే అని. ఇగ చెయ్య. చీటీ రాయి తల్లీ."

అప్పుడు దశరథం గోడకు ఆనుకుని మెల్లగా నేలమీద కూలబడ్డాడు.

"అవ్వ గాదు డాక్టరమ్మా. నేను. గంజి వెట్టి చీటీలు అతికిచ్చింది నేను. అవ్వ కండ్లు మండుతున్నయని చెప్పి రాజలింగం మామ తాన నీళ్ల బుడ్లు తెచ్చింది నేను. అందరు మామను దొంగంటె ఊకున్న. రాజవ్వ అవ్వను దొంగంటె ఊకున్న. సుశీల సారంగాపూర్ అవుతల ఉన్నదని హోళి అయినంక కబురచ్చింది. దానికి గూడ నాలుగో నెలనట. దానికి అంతకు ముందు రెండు కాన్పులు ఏడో నెలల్నే పోయినయ్, అవ్వా, నీకు తెల్వది, నాకు గూడ గప్పుడే తెలిసింది. దవాఖానకు తీస్కపోతే పేరు రాయాలె, మొగని పేరు రాయాలె. రాజం పేరు రాసినంక దాన్ని బతకనిస్తరా? పది బుడ్లుండె. సగం సగమనుకున్న. రాజవ్వకు కుట్టున్నది, మంచమున్నది, డాక్టరమ్మ ఉన్నది. దానికి చెట్టు తప్ప ఏం లేదు. ఐదు వారాలు రాజవ్వకు ఏంగాదనుకున్న. నేనెవన్ని అనుకోనీకి? అయినా అనుకున్న. తీస్కపోయి, డాక్టరమ్మ నీకోసం రాసిచ్చిందని చెప్పిన. మూడు వారాలు ఒక కాంపౌండరు పొడిచిండు. మల్ల పోతే అడిగింది. నన్ను చూడకుంట ఎట్ల రాసిందన్నా అని. నాకు అబద్ధం సాగలే. వదినెయి అని చెప్పిన. వదినెకు తెలుసా అన్నది. తెల్వదన్న. మిగిలిన రెండు బుడ్లు నా జేబుల వెట్టింది. వదినెను అడిగి తే అన్నా, పొడుచుకుంట, దొంగ మందు నా బిడ్డకొద్దు అన్నది. వారం దినాలు గా రెండు బుడ్లు జేబుల వెట్టుకొని రాజవ్వ మంచం పొంటి తిరిగిన. తెలిస్తే పోలీసులు రాజవ్వను గూడ గుంజుకపోతరు, అందుకే చెప్తలేనని నాకు నేను చెప్పుకున్న. మల్ల గూట్ల వెట్టేసిన. ఎస్సై ముందట నాకోసం రాజవ్వ అబద్ధమాడింది. అయినా నాకు నోరు రాలే. రాజవ్వకు నొప్పులచ్చిన ముందు రోజే కబురచ్చింది. సుశీలకు ఏడో నెలల్నే పుట్టిండట. ఏడ్వలేదట. నేను అడిగితే రాజవ్వ ఇచ్చేది. రాజవ్వ అడిగితే డాక్టరమ్మ ఇంకొక చీటీ రాసేది, రాజవ్వ పేరు మీదనే. ఇద్దరికి ఇంకొక డబ్బ అచ్చేది. అడగలే, అవ్వా. నేను అడగలే."